సిమెంటు ఫ్యాక్టరీ వస్తదంటే ముందుగా ఏమి అడగాలె?



ఈసారి మన గోడపత్రికకు నేను సిమెంటు గురించి రాస్తున్నాను. "మన అచ్చంపేటల సిమెంటు ఫ్యాక్టరీ లేదు గదా, మనకెందుకు?" అని కొందరు అడగవచ్చు. మన హాస్టలు గోడలు సిమెంటువే. మనలో చాలామంది అమ్మానాయనలు గుంపు మేస్త్రీ వెంట పట్నం పోయి కలిపే మాలు కూడా సిమెంటుదే. పాలమూరు లేబర్ అని పేరే పడ్డది. కాబట్టి సిమెంటే వద్దని నేను రాయడం లేదు. అది తయారయ్యే చోట ఉన్న ఊరికి ఏమైతది? ఆ నష్టాన్ని ముందే లెక్కగట్టి తగ్గించుకునేది ఎట్లా? ఇదే ఈ పాఠం.

సిమెంటు ఎట్లా తయారవుతుంది?

ముందు సున్నపురాయి గనిలో రాయిని పేల్చి తీస్తారు. దాన్ని పొడిచేసి, మట్టి కలిపి, పొడవైన బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడి దాకా కాలుస్తారు. అప్పుడు నల్లటి గుండ్లు వస్తాయి. వాటిని క్లింకర్ అంటారు. క్లింకర్‌కు కొంచెం జిప్సం కలిపి మెత్తగా విసిరితే సిమెంటు. ఒక టన్ను క్లింకర్‌కు దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలె.

కృష్ణా నది వైపు మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల ప్రాంతాలలో సిమెంటు ఫ్యాక్టరీలు వరుసగా ఎందుకున్నాయంటే, అక్కడి నేలలో సున్నపురాయి ఉన్నది కాబట్టి. ఇవన్నీ పాత నల్లగొండ జిల్లాలోని ఊర్లే.

సైన్సు పుస్తకం తీసి ఒక లెక్క చేద్దాం. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48. మొత్తం 100. దాన్ని కాలిస్తే 56 పాళ్లు సున్నం మిగిలి, 44 పాళ్లు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. అంటే బొగ్గు పొగ కాక, రాయి నుండే ఇంత వాయువు వస్తుందన్నమాట. అందుకే సిమెంటులో థర్మల్ కేంద్రాల బూడిద కలిపితే మంచిది. ఎంత బూడిద కలిపితే అంత క్లింకర్ తగ్గుతుంది. బూడిద సిమెంటులో 15 నుండి 35 శాతం వరకు బూడిద ఉండవచ్చు.

రామన్నపేట సంగతి

2024 అక్టోబరు 23న యాదాద్రి భువనగిరి జిల్లా రామన్నపేట దగ్గర ఒక ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అంబుజా సిమెంట్స్ కంపెనీ అక్కడ పెట్టదలచిన గ్రైండింగ్ యూనిట్ గురించి ఆ సభ. గ్రైండింగ్ యూనిట్ అంటే గని, బట్టీ ఉండవు. క్లింకర్‌ను వేరే చోటి నుండి తెచ్చి విసిరి బస్తాలకెత్తుతారు. అయినా చుట్టుపక్కల ఊర్ల జనం మాకు వద్దని గట్టిగా ఎదిరించినారు.

బట్టీ లేకపోతే భయమెందుకు? పొగ తక్కువే, కానీ దుమ్ము, లారీలు, నీళ్ల వాడకం ఉంటాయి గదా. కాబట్టి ఏ రకం ఫ్యాక్టరీ వస్తున్నదో ముందు తెలుసుకోవాలె. గని ఉన్న ఫ్యాక్టరీని అడిగే ప్రశ్నలు వేరు, విసిరే ఫ్యాక్టరీని అడిగే ప్రశ్నలు వేరు.

నివేదికలో ఏమి పడదు?

మన దేశంలో పెద్ద ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి అని 1994లో నియమం వచ్చింది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ చేరింది. 2006లో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. దాని ప్రకారం కంపెనీ ముందుగా పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక తయారు చేయించాలె. గాలి, నీరు, నేల, చప్పుడు, చెట్లు, జంతువులు, జనం ఇప్పుడు ఎట్లున్నరో కొలిచి, ఫ్యాక్టరీ వస్తే ఎట్లా మారుతదో రాయాలె.

మామూలుగా ఫ్యాక్టరీ చుట్టూ 10 కిలోమీటర్ల వరకు చూస్తారు. వానకాలం కాకుండా ఒక కాలం, అంటే మూడు నెలలు కొలుస్తారు. ఇక్కడే మనం ఆలోచించాలె. మన నల్లమల దగ్గరి ఊరిని డిసెంబరు నుండి ఫిబ్రవరి దాకా కొలిచినారనుకోండి. ఇప్పపువ్వు రాలేది ఆ తర్వాత. తేనె తీసేదీ ఎక్కువగా ఎండకాలమే. వాగు పొంగి ఏ చేను మీదికి వస్తదో వానకాలం కానిదే కనపడదు. ఎండిన వాగులో చెలిమె తోడుకొని పెంటవాళ్లు తాగే నీళ్లు బయటివాళ్లకు నీళ్లలాగే కనపడవు. కొలిచేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్లు వచ్చిన నెలలో అవి లేవు. మనవాళ్లు చెప్పకపోతే కాగితం మీద అవి లేనట్టే.

నష్టాన్ని తగ్గించేది ఎట్లా?

1. పొగగొట్టం దుమ్ము: గాలిని పెద్ద గుడ్డ సంచుల గుండా పంపితే దుమ్ము సంచులకు పట్టుకుంటది. కరెంటుతో దుమ్మును లాగే యంత్రాలు కూడా ఉన్నాయి. 2014లో పెట్టిన పరిమితి ప్రకారం పొగగొట్టం నుండి వచ్చే గాలిలో దుమ్ము ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. మనం పీల్చే గాలిలో సన్నదుమ్ము 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు మించరాదని 2009 ప్రమాణం. 30 మిల్లీగ్రాములంటే 30,000 మైక్రోగ్రాములు, అంటే 300 రెట్లు! అందుకే గొట్టం ఎత్తు ఎంత, బడి ఎంత దూరం, గాలి ఎటు వీస్తది అని అడగాలె.

2. నేల దుమ్ము: కుప్పల నుండి, బెల్టుల నుండి, బాట నుండి లేచే దుమ్ము గొట్టంలో పెట్టిన మీటరుకు దొరకదు. క్లింకర్‌ను కప్పు కింద పెట్టాలె. బెల్టులను మూయాలె. లారీలకు పరదా కట్టాలె. బాటను ఊడ్చి నీళ్లు చల్లాలె.

3. నీళ్లు: పొడి పద్ధతి ఫ్యాక్టరీకి నీళ్లు తక్కువ చాలు. వాడిన నీళ్లనే మళ్లీ వాడాలె. ఊరి బోర్ల, బావుల లోతును మొదలుపెట్టక ముందే కొలిచి పంచాయతీలో రాసిపెట్టాలె. పాత లెక్క లేకపోతే, నీళ్లు తగ్గినయని రేపు ఎవరూ నిరూపించలేరు.

4. గని పేలుళ్లు: పేల్చే వేళ ముందే చెప్పాలె. ఇండ్ల గోడల ఫొటోలు ముందే తీసి పెట్టాలె. పగుళ్లు పాతవో కొత్తవో అప్పుడు తెలుస్తది.

5. గని గుంత: పై మట్టిని విడిగా దాచి, పని అయినంక మళ్లీ పరిచి చెట్లు పెట్టాలె.

6. లారీలు: రైలు ఉంటే రైలు మీద పంపాలె. బడి మొదలయ్యే, వదిలే వేళల్లో ఊరి నడుమ లారీలు తిరగొద్దు.

ఆ 30 రోజులు

సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలె. అందులో ఒకటి స్థానిక భాష పేపరు కావాలె. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలె. కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీలో దాన్ని చూడవచ్చు. సభకు కలెక్టరు గాని, ఆయన తరపున పెద్ద అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. వీడియో తీస్తారు. చివరకు ఎవరేమన్నరో తెలుగులో చదివి వినిపించాలె. సభకు పోలేనివాళ్లు కాగితం మీద రాసి ఇయ్యవచ్చు.

ఒక ముఖ్య విషయం. ఆ సభలో ఓట్లు లెక్కపెట్టరు. ఎంత గట్టిగా అరిచినమన్నది కాదు, ఏమి రాయించినమన్నది మిగులుతుంది. రాయించిన ప్రతి ముఖ్య అభ్యంతరానికీ కంపెనీ తుది నివేదికలో జవాబు చెప్పాలె. "దుమ్ము వస్తది" అంటే ఒక్క మాటలో జవాబిస్తారు. "ఫలానా చెలిమెకు 200 మీటర్ల దూరంలో మీ బాట పోతున్నది, 30 ఇండ్లవాళ్లు ఎండకాలం ఆ నీళ్లే తాగుతరు" అంటే జవాబు వెతుక్కోవలసి వస్తది.

షెడ్యూల్డు ప్రాంతంలో ఇంకా రక్షణలున్నాయి. భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్పింది. అక్కడి ప్రభుత్వ భూమిని ప్రైవేటు గని కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన నల్లమలలో యురేనియం తవ్వవద్దని జనం ఒక్కటై అడిగితే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా ఆ మాటే తీర్మానం చేసింది. అడిగితే వినేవాళ్లుంటారు.

మన పని

మన తాతలకు, అవ్వలకు అడవి తెలుసు, చాలామందికి చదువు రాదు. మనకు చదువు వచ్చు, అడవి సగమే తెలుసు. ఇద్దరం కలిసి కూర్చుంటేనే మంచి అభ్యంతర పత్రం తయారైతది. ఇది ఇంజనీరు వచ్చి చేసేది కాదు, మనమే చేయవలసింది.

అందుకే సెలవులకు ఇంటి పని ఇస్తున్నాను. మీ తండాలో, పెంటలో పెద్దలను అడిగి నోటుబుక్కులో రాసుకొని రండి:

అ) ఏ నెలలో ఏ చోట తాగేనీళ్లు దొరుకుతాయి?
ఆ) అడవి నుండి ఏ నెలలో ఏమి తెస్తారు?
ఇ) వాన ఎక్కువైతే నీళ్లు ఎటు పోతాయి?
ఈ) బావిలో నీళ్లు ఎన్ని చేతుల లోతున ఉన్నాయి?

అందరివి కలిపి ఒక పెద్ద కాగితం మీద పన్నెండు నెలల పట్టిక గీసి ఇదే గోడకు అంటిద్దాం. ఏ ఫ్యాక్టరీ రాకపోయినా మంచిదే, మన ఊరి లెక్క మన దగ్గర ఉంటది. వస్తే మాత్రం, మొదటి రోజే చూపెట్టడానికి కాగితం సిద్ధంగా ఉంటది.

- 9వ తరగతి విద్యార్థి