ఒక చేతి నేర్పు, రెండు వృత్తులు

1984లో విడుదలయైన 'ది టెర్మినేటర్' చలనచిత్రపు చివరి ఘట్టమున, ఇంధనపు ట్యాంకరు ప్రేలి చెలరేగిన మంటలలో పైనున్న మానవచర్మమంతయు దగ్ధము కాగా, లోపలి లోహకంకాళము మాత్రము లేచి నిలిచి, దెబ్బతిన్న కాలిని ఈడ్చుకొనుచు కథానాయికను తరుముకొని వచ్చును. ఆ కంకాళపు బొమ్మను కంటికి ఆననంత స్వల్పముగా కదల్చుచు, కదల్చిన ప్రతిసారియు ఒక్కొక్క ఫ్రేము చిత్రించుచు, ఆ కుంటినడకకు ప్రాణము పోసిన పీట్ క్లీనో అను కళాకారుడు, అంతకు పదునైదేండ్లకు పూర్వమే 'స్నీకీ పీట్' అను పేర అమెరికా రాక్ సంగీతలోకమున పెడల్ స్టీల్ గిటారునకు క్రొత్త కంఠస్వర మొసంగిన వాదకుడని ఎరిగిన ప్రేక్షకులు మిక్కిలి అరుదు.

ఒకే మనుష్యుడు ఇంత దూరముగా కన్పట్టు రెండు వృత్తులలో రాణించుట చూచి ఆశ్చర్యపడి ఊరకున్నచో, జీవనమార్గమును వెదకుకొను విద్యార్థికి దానివలన ఒనగూరు లాభము స్వల్పము. ఆ రెండింటిని కలిపిన సూత్రమేదియని విచారించినచో మాత్రము, ఉద్యోగనామములకంటె లోతైన యొక సత్యము గోచరించును: మనతో ఒక వృత్తినుండి మరియొక వృత్తికి నడచివచ్చునది హోదా కాదు, ఏండ్లతరబడి సానపట్టిన అవధానశక్తి.

వాద్యము, వాదనము

పెడల్ స్టీల్ గిటారు సామాన్య గిటారువలె ఒడిలో నిలుపుకొని మీటునది కాదు. నాలుగు కాళ్ళపై బల్లవలె పరచి యుండు ఈ వాద్యము ముందు వాదకుడు కుర్చీపై కూర్చుండును. ఎడమచేత గుండ్రని ఉక్కుకడ్డీని పట్టి తంత్రులపై జార్చును. కుడిచేతి వ్రేళ్ళకు తొడిగిన గోళ్ళతో మీటును. కొయ్యముక్కను తంత్రులపై జార్చుచు వాయించు మన గోటువాద్యమును విన్నవారికి ఈ నాదమందలి గమకసౌలభ్యము కొంత పరిచితమే. హవాయి గిటారునుండి పుట్టిన ఈ వాద్యమున విశేషమంతయు కాళ్ళక్రింద నున్నది. ఒక పాదముతో పెడళ్ళను నొక్కినను, మోకాలితో మీటను ప్రక్కకు నెట్టినను, కొన్ని తంత్రుల బిగువు మాత్రము మారి వాని శ్రుతి పెరుగును లేక తగ్గును. తక్కిన తంత్రులు కదలక నిలుచును. ఒక స్వరము స్థిరముగా మ్రోగుచుండగా దాని ప్రక్కస్వరము కరగి మరియొక స్థానమునకు జారుకొను మాధుర్యము దీనివలన సిద్ధించును. రెండవ పాదము ధ్వనిపరిమాణమును నిరంతరము సవరించుచుండును. 1954లో ప్రజాదరణ పొందిన వెబ్ పియర్స్ గీతము 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ అను వాదకుడు ఇట్లు పెడలును నొక్కి స్వరములను వంచిన పిమ్మట, కంట్రీ సంగీతమున ఈ పద్ధతి వేరూనుకొనెను.

రెండు చేతులు, రెండు పాదములు, రెండు మోకాళ్ళు వేర్వేరు పనులను ఒకే కాలమున చేయవలసిన ఈ వాద్యమున తప్పు దాగదు. మెట్లను చూపు గీతలు గుర్తులే గాని ఆధారములు కావు. కడ్డీ రవ్వంత ముందు నిలిచినను, రవ్వంత వెనుక నిలిచినను అపశ్రుతి వినవచ్చును. కావున దీనిని సాధించినవాడు సంగీతముతోపాటు అత్యల్పమగు చలనమును కాలప్రమాణమునకు లోబరచుకొను విద్యను గూడ నేర్చినవాడగును.

క్లీనో 1934లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్ నగరమందు జన్మించెను. కంట్రీ సంగీతపు కేంద్రమగు నాష్‌విల్‌లో అత్యధికులు పది తంత్రుల వాద్యమును 'ఈ నైన్త్' అను శ్రుతిలో వాయించుచుండగా, ఆయన ఎనిమిది తంత్రుల ఫెండర్ వాద్యమును 'బీ సిక్స్త్' శ్రుతిలో బిగించి వాయించెను. గ్రామ్ పార్సన్స్, క్రిస్ హిల్‌మన్ కలసి స్థాపించిన 'ది ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్' బృందము 1969లో వెలువరించిన తొలి ఆల్బము 'ది గిల్డెడ్ ప్యాలెస్ ఆఫ్ సిన్'లో, రాక్ బృందములందు సాధారణముగా లీడ్ గిటారు వహించు భారము చాలవరకు ఆయన వాద్యముపైననే పడెను. అప్పుడాయన నాదమును గరగరలాడించు ఫజ్ సాధనమునకు తన స్టీల్ గిటారును కలిపి, విషాదమాధుర్యమునకే పరిమితమని లోకము తలచిన వాద్యముచేత రాక్ సంగీతపు రౌద్రమును గూడ పలికించెను. పరికరము క్రొత్తది కాదు, ఫజ్ సాధనమును క్రొత్తది కాదు. ఆ రెండింటిని కలుపవచ్చునన్న ఊహయే క్రొత్తది. తరువాతి కాలమున జోనీ మిచెల్ 'బ్లూ' (1971), జాన్ లెనన్ 'మైండ్ గేమ్స్' (1973), స్టీవీ వండర్ 'సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్' (1976) మున్నగు ఆల్బములలో ఆయన వాదనము వినబడుట ఆ ఊహకు లభించిన గౌరవము.

బొమ్మకు నడక నేర్పుట

క్లీనో సంగీతమును విడిచి చలనచిత్రములకు వచ్చినాడని అనుకొనుట సగము సత్యము మాత్రమే. 1960 దశకారంభమున లాస్ ఏంజెలిస్ చేరిన నాటినుండియు ఆయన పగలు బొమ్మలను కదల్చుచు, రాత్రులు కంట్రీ సంగీతపు క్లబ్బులలో వాయించుచు రెండు విద్యలను సమాంతరముగా పోషించెను. ఆర్ట్ క్లోకీ సృష్టించిన మట్టిబొమ్మ 'గంబీ' ధారావాహికలోను, 1964 నాటి '7 ఫేసెస్ ఆఫ్ డాక్టర్ లావో' చిత్రములోను పనిచేసినవారిలో ఆయన యొకడు. బరీటో బ్రదర్స్ కీర్తి ఈ తొలి పనులకును, 'టెర్మినేటర్'కును నడుమ వచ్చిన సంగీతాధ్యాయము.

స్టాప్ మోషన్ అను ఈ విద్యలో, కీళ్ళుగల లోహపు ఎముకలగూడుపై రూపొందించిన బొమ్మను స్వల్పముగా కదల్చి, చేయి వెనుకకు తీసి, ఒక ఫ్రేము చిత్రించి, మరల స్వల్పముగా కదల్చవలెను. చలనచిత్రము సెకనునకు 24 ఫ్రేములు చొప్పున నడచును గనుక, ఒక్కొక్క ఫ్రేమునకు ఒక్కొక్క కదలిక చొప్పున ఒక నిమిషపు నటనకు 1,440 కదలికలు కావలెను. నడుమ నొక చోట భుజము ఎంత కదలినదో మరచినచో బొమ్మ ఉలికిపడినట్లు కన్పించును. పని మొదటికి వచ్చును. అందులోను కుంటినడక మిక్కిలి కఠినము. సమగతిలో నడచు బొమ్మకు ప్రతి అడుగునకు ఒకే లెక్క చాలును. కుంటు బొమ్మకు బాగున్న కాలు త్వరగా పడవలెను, చెడిన కాలు ఆలస్యముగా ఈడ్వబడవలెను, ఆ యాలస్యమునకు తగినట్లు నడుము, భుజములు, తల ఒరగి మరల నిలువవలెను. ఇది లయజ్ఞానమే. వాద్యమున స్వరమును ఎంత సేపటికి ఎంత జార్చవలెనో ఎరిగినవాడు, బొమ్మ కాలిని ఎన్ని ఫ్రేములకు ఎంత ఈడ్వవలెనో ఎరుగుటలో ఆశ్చర్య మేమున్నది?

గమనింపదగిన అంశము మరియొకటి కలదు. 1964 నాటి చిత్రమునకు ప్రత్యేక దృశ్యములు కూర్చిన వారిలో జీన్ వారెన్ ముఖ్యుడు. ఇరువదేండ్ల పిమ్మట 'టెర్మినేటర్'కు పనిచేసిన 'ఫాంటసీ టూ' సంస్థ ఆయన కుమారుడగు జీన్ వారెన్ జూనియర్‌ది. 'ది విండ్స్ ఆఫ్ వార్' టెలివిజన్ ధారావాహికలోని దృశ్యప్రభావములకు 1983లో ఎమ్మీ బహుమానము లభించినప్పుడు, దానిని పొందినవారిలో జూనియర్ వారెన్‌తోపాటు క్లీనోయు ఉండెను. తండ్రి కాలమున నేర్చిన పని కుమారుని కాలమున అక్కరకు వచ్చినది. సంగీతమున పేరు వచ్చినంతమాత్రమున పాత కార్ఖానాను, పాత సహచరులను మరువనివానికి మాత్రమే ఇట్టి ద్వారము తెరచియుండును. 2007లో తన 72వ ఏట మరణించిన క్లీనో, 2000 ప్రాంతమున మరల ఒక సంగీతబృందమును కూర్చుకొనుట ఈ సమాంతరసాధనకు ఉత్తరార్ధము.

మరియొక త్రోవ

ఇట్టి మార్పు అందరికిని ఒకే రీతిని రాదు. స్టీలీ డాన్, డూబీ బ్రదర్స్ బృందములలో గిటారును, పెడల్ స్టీలును వాయించిన జెఫ్ బాక్స్‌టర్, ధ్వనిముద్రణ పరికరములందు ఆసక్తిచేత సాంకేతిక పత్రికలను చదువుట కారంభించి, సంగీతమునకు ఉపకరించు దత్తాంశ సంక్షేపణాది ప్రక్రియలు రక్షణరంగమున గూడ వాడబడుచున్నవని గ్రహించి, క్షిపణుల విషయమున స్వయముగా అధ్యయనము సాగించెను. నౌకలపై నుండు ఏజిస్ వ్యవస్థను క్షిపణినిరోధమునకు ఎట్లు మలచవచ్చునో వివరించుచు ఆయన వ్రాసిన చిన్న పత్రము అమెరికా శాసనసభ్యుని యొకని చేతికి చేరెను. 1995లో ఆయన క్షిపణిరక్షణపై ఏర్పడిన పౌరసలహామండలికి అధ్యక్షుడయ్యెను. క్లీనో చేతినైపుణ్యముచేత దాటిన వంతెనను బాక్స్‌టర్ చదువుచేతను, చదివినదానిని ఐదు పుటలలో స్పష్టముగా వ్రాయగల శక్తిచేతను దాటెను. తనకు అక్కరలేని శాస్త్రమని త్రోసివేయక, తన పనిముట్టు లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనగోరుటయే ఆయనకు తొలిమెట్టు.

పరికరము మారినను

కంప్యూటరు వచ్చిన పిదప ఈ పాతవిద్యలు పనికిరావు గదాయని కొందరు సందేహింపవచ్చును. 1993 నాటి 'జురాసిక్ పార్క్' నిర్మాణకాలమున ఇట్టి సంకటమే సంభవించెను. బొమ్మలతో చేయదలచిన రాకాసిబల్లుల దృశ్యములు కంప్యూటరునకు మారినప్పుడు, ఆ విద్యలో ప్రసిద్ధుడైన ఫిల్ టిపెట్ నిష్క్రమింపక చలనములకు పర్యవేక్షకుడుగా నిలిచెను. కీళ్ళయందు సంవేదకములు అమర్చిన బొమ్మను యానిమేటర్లు తమ పాత పద్ధతిలో కదల్పగా, ఆ కదలికలే కంప్యూటరులోనికి ఎక్కెను. యంత్రము గణితము చేసెను. బరువైన జంతువు అడుగు వేయునప్పుడు శరీరము ఎట్లు ఊగునో చెప్పినవారు పాత కళాకారులే.

మన తెలుగుదేశమున 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణ మాయాజాలము నేటికిని జనుల నోట నున్నది. 'ఈగ' (2012) చిత్రమున మాటలు పలుకలేని, ముఖకవళికలకు తావులేని చిన్నకీటకము తన కోపమును, ప్రేమను కదలికలచేతనే వ్యక్తపరుపవలసి వచ్చెను. దాని దృశ్యప్రభావములకు హైదరాబాదునందలి 'మకుట' సంస్థ జాతీయ పురస్కారము నందెను. కావున ఈ విద్యకు మన యూరనే చోటున్నదని విద్యార్థులు గ్రహింపవలెను.

ప్రవేశమార్గములు

చదువు విషయమున కొన్ని త్రోవలు సుస్పష్టములు. హైదరాబాదులోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమున యానిమేషన్‌లో బి.ఎఫ్.ఏ. కలదు, దానికి ప్రవేశపరీక్ష ఎఫ్.ఏ.డి.ఈ.ఈ. అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ శాఖకు డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్ వ్రాయవలెను. ఐ.ఐ.టి.లలో బి.డిజైన్ కోర్సునకు యూసీడ్, ఎం.డిజైన్‌కు సీడ్ పరీక్షలు మార్గములు. గణితము చదువనివారును యూసీడ్ వ్రాయవచ్చుననుట మన విద్యార్థులలో పెక్కురకు తెలియని సంగతి. ప్రైవేటు శిక్షణాలయమున చేరదలచినవారు రుసుము చెల్లింపకమునుపే పూర్వవిద్యార్థుల షోరీళ్ళను (తమ పనితనపు నమూనాలను కూర్చిన వీడియోలను) చూపుమని అడుగవలెను, ఉపాధ్యాయులు స్టూడియోలలో పనిచేసిరో లేదో విచారింపవలెను, కంప్యూటరు ముందు రోజునకు ఎన్ని గంటలు లభించునో తెలిసికొనవలెను.

స్టూడియోలలో పలువురకు రోటో (దృశ్యమందలి రూపమును నేపథ్యమునుండి వేరుచేయుట), పెయింట్ (అక్కరలేనివానిని తుడిచివేయుట), మ్యాచ్‌మూవ్ (కెమెరా కదలికను కంప్యూటరులో పునర్నిర్మించుట) శాఖలు తొలిమెట్లు. అచటినుండి, వేర్వేరు దృశ్యాంశములను ఒకటిగా కూర్చు కాంపోజిటింగునకు ఎదుగవచ్చును. యానిమేషన్ శాఖకు గతిజ్ఞానమును చూపు షోరీలు ముఖ్యము. అది నిడివిగా నుండనక్కరలేదు. ఒకటి రెండు నిమిషములు చాలును, కాని అందు బలహీనమగు దృశ్య మొక్కటియు నుండరాదు. బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఇంటనే నేర్వవచ్చును.

దానికంటెను ముందు చేయదగిన పరీక్ష యొకటి కలదు. ఫోనును బల్లపై కదలకుండ నిలిపి, ఒక రూపాయి నాణెమును బల్ల ఈ చివరనుండి ఆ చివరకు 24 ఫ్రేములలో నడపుడు. మొదట సమానదూరములతో నడపుడు. అది జీవము లేనిదిగా తోచును. మరల, ఆరంభమున స్వల్పదూరములతోను, నడుమ అధికదూరములతోను, చివర మరల స్వల్పదూరములతోను నడపుడు. నాణెము తానుగా బయలుదేరి, తానుగా ఆగినట్లు కన్పట్టును. ఆ భేదమును చూచి మీకు మరల చేయవలెనని కుతూహలము కలిగినచో ఈ విద్య మీకు తగినది. విసుగు పుట్టినచో అదియు విలువైన సమాధానమే. మీ యవధానము మరియొక చోట వికసింపగోరుచున్నదని భావింపుడు.

సంగీతము, నాటకము, చిత్రలేఖనము వంటి కళలలో నున్నవారు జీవనోపాధికై మరియొక మార్గము వెదకునపుడు, తమ కళను వ్యర్థమైన కాలముగా లెక్కించి రెజ్యూమెనుండి తొలగించుట మన సమాజమున తరచుగా జరుగు అన్యాయము. అట్లు చేయకుడు. మీరు మృదంగము వాయించినచో కాలమును సూక్ష్మముగా విభజించుట ఎరుగుదురు. వీడియో ఎడిటింగునకు అది ప్రాణము. హరికథ చెప్పినచో సభను కనిపెట్టి కథను పెంచుట, తగ్గించుట ఎరుగుదురు. బోధనకును, విక్రయమునకును అది ఆధారము. ఒక కాగితముపై మీ పని పేరు వ్రాయక, ఆ పనిలో మీ చేయి, చెవి, కన్ను ఏమి నేర్చినవో వ్రాసి చూచుకొనుడు. ఆ నేర్పు అక్కరపడు వేరొక పని ఏదియని అప్పుడు వెదకుడు.

మొదటి వృత్తిని ఒక్కసారిగా విడుచుటకంటె, రెండింటిని కొంతకాలము ప్రక్కప్రక్కన నడుపుట క్షేమకరము. చలనచిత్రరంగమున పని ఒప్పందములమీద సాగును. ఒక చిత్రము ముగిసిన పిదప మరియొకటి దొరకువరకు ఆదాయము నిలిచిపోవచ్చును. కావున ఆరునెలల గృహవ్యయమైనను చేత నుంచుకొని గాని పూర్తిగా దిగకుడు. తలిదండ్రులును, పిల్లవాడు రెండు విద్యలయందు మనసుంచినాడని చింతింపక, రెండింటిలోను ప్రతిదినము సాధన చేయుచున్నాడో లేదో మాత్రమే పరీక్షింపవలెను. సాధన లేని రెండు అభిరుచులు కాలహరణమునకు దారి తీయును. సాధనగల రెండు విద్యలు ఒకదాని కొకటి అన్నము పెట్టును.