మూల్యాంకన నివేదికను పరిశీలించడం ఎలా?

పారిశుద్ధ్యం, పౌష్టికాహారం, గృహవసతి వంటి సామాజిక కార్యక్రమాల ఫలితాలను తెలుపుతూ మూల్యాంకన నివేదికలు వెలువడుతుంటాయి. తదుపరి నిధులు ఏ పనికి, ఏ పేటకు కేటాయించాలో నిర్ణయించేటప్పుడు వాటిని ఆధారంగా తీసుకుంటారు. కనుక అట్టి నివేదిక ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకోగలగడం పౌరులకు ఎంతో అవసరం.

ఒడిశాలోని పూరీ జిల్లాలో జరిగిన ఒక అధ్యయనాన్ని చూడండి. అక్కడ 100 గ్రామాలను తీసుకొని, చీటీలు వేసినట్లుగా యాదృచ్ఛికంగా 50 గ్రామాలను ఎంపిక చేసి, వాటిలో మరుగుదొడ్ల నిర్మాణాన్ని ప్రోత్సహించారు. మిగిలిన 50 గ్రామాలను పోలిక కొరకు ఉంచారు. 2014లో ఫలితాలు ప్రచురితమయ్యాయి. మొదటి వర్గపు గ్రామాలలో మరుగుదొడ్లు గల ఇళ్లు సగటున 9 శాతం నుండి 63 శాతానికి పెరిగాయి. అయినప్పటికీ ఐదేళ్లలోపు పిల్లలలో అతిసారం తగ్గినట్లు కనబడలేదు. మరుగుదొడ్లు అన్ని ఇళ్లకూ చేరకపోవడం, ఉన్నవాటిని అందరూ నిత్యం వాడకపోవడం ఇందుకు కారణాలు కావచ్చునని పరిశోధకులు భావించారు.

కట్టడాలను మాత్రమే లెక్కించి ఉంటే ఇది ఘనవిజయంగా కనబడేది. వ్యాధిని మాత్రమే చూసి ఉంటే మరుగుదొడ్లే వ్యర్థమని తోచేది. నడుమనున్న వాడకాన్ని కూడా పరిశీలించినందువల్ల లోపం ఎక్కడుండవచ్చునో తెలిసింది.

ఏ నివేదికనైనా చదివేటప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోవాలి:

1. ఏమి కొలిచారు? ఖర్చునా, కట్టడాలనా, ప్రజల జీవితంలో వచ్చిన మార్పునా?

2. దేనితో పోల్చారు? కార్యక్రమం లేకపోయినా ఆ మార్పు వచ్చి ఉండేదా?

3. ఎవరిని లెక్కించారు? పగటిపూట మాత్రమే సర్వే జరిపితే పనికి వెళ్లినవారు లెక్కకు రారు. తరచు అద్దె ఇళ్లు మారే వలస కుటుంబాలు, స్థానిక భాష రానివారు కూడా ఇలాగే తప్పిపోతారు.

4. ఎవరు చేశారు? అమలు చేసినవారే తమ పనికి తాము మార్కులు వేసుకున్నారా?

5. పరిమితులను, ప్రతికూల ఫలితాలను దాచకుండా తెలిపారా?

ఒకచోటి ఫలితం మరొకచోట యథాతథంగా వర్తించదు. పూరీ పల్లెలలో ఇంటింటి మరుగుదొడ్డికి సంబంధించిన నిర్ణయం, అనేక కుటుంబాలు ఒకే మరుగుదొడ్డిని పంచుకొనే నగర బస్తీకి నేరుగా సరిపోదు.

ప్రభుత్వ సంస్థల వద్దనున్న నివేదికల ప్రతులను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు.

అభ్యాసం: మీ వార్డులో అమలైన ఒక కార్యక్రమపు నివేదికను తీసుకొని, పై ఐదు ప్రశ్నలకు అందులో జవాబులు వెదకండి. దొరకని జవాబులను వార్డు సమావేశంలో లిఖితపూర్వకంగా అడగండి.