‘నా వల్ల కాదు’ అనే అలవాటు

లెక్కల పరీక్షలో రెండుసార్లు మార్కులు తక్కువ వచ్చాయనుకోండి. మూడవసారి ప్రశ్నపత్రం చేతికి రాగానే, ప్రశ్నలు పూర్తిగా చదవకముందే “ఇది నా వల్ల కాదు” అనిపిస్తుంది. కలం కింద పెట్టేస్తాము. ఆ లెక్క మనకు వచ్చునో రాదో అప్పటికింకా తెలియనే తెలియదు! గోళ్ళు కొరకడం చేతికి పట్టిన అలవాటైతే, ఇది మనసుకు పట్టిన అలవాటు. ఇది ఎలా పట్టుకుంటుంది? ఎలా వదులుతుంది?

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కుక్కలపై జరిపిన ఒక ప్రయోగాన్ని 1967లో ప్రకటించారు. కుక్కలను మూడు జట్లు చేశారు. మొదటి జట్టు కుక్కలకు విద్యుత్ ఘాతం తగిలేది. తలతో ఒక పలకను నొక్కితే అది ఆగిపోయేది. రెండవ జట్టుకు కూడా అంతే సేపు ఘాతం తగిలేది, కాని అవి ఏమి చేసినా ఫలితం ఉండేది కాదు. మూడవ జట్టుకు ఘాతమే లేదు.

మరునాడు ఒక్కొక్క కుక్కను నడుమ అడ్డు ఉన్న పెట్టెలో ఉంచారు. అడ్డును దూకితే ఘాతం నుండి తప్పించుకోవచ్చు. మొదటి, మూడవ జట్ల కుక్కలు చాలావరకు దూకడం నేర్చుకున్నాయి. రెండవ జట్టులోని 8 కుక్కలలో 6 మాత్రం దాదాపు ప్రతిసారీ దూకకుండా బాధను భరిస్తూ ఉండిపోయాయి.

మొదటి రెండు జట్లూ పడిన కష్టం సమానమే కదా! తేడా ఒక్కటే: తాము చేసిన పనికి ఫలితం ఉన్నదని మొదటి జట్టుకు తెలిసింది. రెండవ జట్టుకు అది తెలిసే అవకాశమే దొరకలేదు. ఈ స్థితికి శాస్త్రజ్ఞులు ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు పెట్టారు.

అయితే 2016లో ఆ ఇద్దరు శాస్త్రజ్ఞులే తమ సిద్ధాంతాన్ని సవరించుకున్నారు. ఎలుకల మెదడుపై జరిగిన పరిశోధనలు వారికి ఆధారం. ఎడతెగని కష్టం ఎదురైతే చేతులెత్తేయడం మెదడుకు సహజమేననీ, అది నేర్చుకోనక్కరలేదనీ వారు తేల్చారు. నేర్చుకోవలసింది ‘నేను చేస్తే ఫలితం ఉంటుంది’ అనే సంగతి. అది తెలిసినప్పుడు మెదడు ముందుభాగం, నిస్సహాయతను కలిగించే లోపలి కేంద్రాన్ని అదుపులో పెడుతుంది.

కనుక “నాకు ధైర్యం ఉంది” అని వట్టి మాటలు వల్లించినంత మాత్రాన చాలదు. మెదడుకు రుజువు చూపాలి. మీకు భయం పుట్టించే పాఠ్యాంశాన్ని తీసుకోండి. కింది తరగతి పుస్తకం నుండి అదే రకానికి చెందిన తేలిక లెక్కలు రోజుకు రెండు చేయండి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో, ఏమి చేస్తే ముందుకు సాగారో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. “నాకు లెక్కలు రావు” అనే మాటకు బదులు “మూడవ మెట్టులో గుర్తు మార్చడం మరిచాను” అని రాయండి. మొదటి మాటకు మందు లేదు, రెండవదానికి ఉంది.

అన్నీ మన చేతిలో ఉండవు. పరీక్ష రోజున జ్వరం వస్తే అది మన తప్పు కాదు. ఎన్ని రోజులైనా దిగులు వదలకపోతే, ఇంట్లో పెద్దలకో, ఉపాధ్యాయులకో చెప్పండి. సాయం అడగడం కూడా ఫలితమిచ్చే పనే.

ఈసారి “నా వల్ల కాదు” అనిపించినప్పుడు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ప్రయత్నించి తెలుసుకున్నదా, ప్రయత్నించక ముందే అనుకున్నదా?