తిరిగే ఇనుము - కదలని ఉలి

కుమ్మరి సారె మీరంతా చూశారు. మట్టి ముద్ద గిరగిరా తిరుగుతుంది. కుమ్మరి చెయ్యి ఒక్కచోటే ఉంటుంది. చెయ్యి నొక్కిన చోట మట్టి లోపలికి పోతుంది. అలా కుండ గుండ్రంగా వస్తుంది.

లేతు మిషను కూడా అంతే. ఇక్కడ తిరిగేది ఇనుము, ఇత్తడి లేక కర్ర. కదలకుండా నిలిచేది గట్టి ఉలి. దాన్ని పనివాళ్ళు టూలు అంటారు. సారె నేలకు బల్లపరుపుగా తిరుగుతుంది. లేతులో కడ్డీ అడ్డంగా పడుకుని తిరుగుతుంది, పొందూరు రాట్నం కదురులాగ.

పెద్ద రోడ్డు వెంట వెళ్తే ఇలాంటి షెడ్లు కనిపిస్తాయి. మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు బుష్షు పోయినా లేతు మీదకే తెస్తారు. ఇవి పెద్ద మిషన్లు. బల్ల మీద పెట్టుకునే చిన్న లేతులు కూడా ఉన్నాయి. అవి ఇంటి కరెంటుతో నడుస్తాయి. సరదాగా పని నేర్చుకునేవాళ్ళు వాటితో మొదలుపెడతారు.

"ఇనుం పని ఆడోళ్ళకేటి పంతులమ్మా?" అని రాత్రి బడిలో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్నే. లేతులో బలం మోటారుది. మనిషి పెట్టాల్సింది కన్ను, ఓపిక. చుక్క తప్పకుండా ముగ్గు వేసే చేతికి ఈ రెండూ కొత్త కాదు.

మిషను ముట్టుకునే ముందు

ఈ భాగం రెండుసార్లు చదవండి. పక్కనున్న వాళ్ళకు చదివి వినిపించండి.

తిరిగే కడ్డీకి కొంగు తగిలితే ఏమవుతుంది? కొంగు చుట్టుకుంటుంది. కొంగుతోపాటు మనిషిని లాగేస్తుంది. మిషను ఆపేంత సమయం ఉండదు. అందుకే కొంగు నడుముకు గట్టిగా దోపాలి. దాని మీద బిగుతైన చొక్కా తొడుక్కుంటే ఇంకా మంచిది. జడ ముడి వేసి గుడ్డ కట్టుకోవాలి. గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టాలి. మెడలో తాడు జాకెట్టు లోపలికి పోవాలి. "గాజులు తియ్యకూడదు కదా" అనేవాళ్ళు ఉంటారు. పని అయ్యాక మళ్ళీ వేసుకోవచ్చు. చెయ్యి పోతే మళ్ళీ రాదు.

చేతికి తొడుగులు వేసుకుంటే భద్రం అనుకుంటాం. లేతు దగ్గర అది తప్పు. తొడుగు చుట్టుకుంటే వేళ్ళు కూడా దానితో పోతాయి. ఉత్త చేతులతోనే పని చెయ్యాలి. కళ్ళకు మాత్రం అద్దాలు తప్పనిసరి. కాళ్ళకు మూసి ఉన్న చెప్పులు కావాలి. కోసినప్పుడు రాలే రజను వేడిగా ఉంటుంది. పొడుగ్గా వచ్చే చుట్టలు బ్లేడులా కోస్తాయి. వాటిని చేత్తో లాగొద్దు. మిషను ఆపి, బ్రష్షుతో తుడవాలి.

ఇంకొకటి ఉంది. లేతుకు ఎడమ పక్క చక్ ఉంటుంది. దానికి మూడు దవడలు. అవి కడ్డీని పట్టుకుంటాయి. వాటిని బిగించడానికి తాళంచెవిలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని చక్ కీ అంటారు. బిగించాక దాన్ని అందులోనే మరచిపోయి స్విచ్చి వేస్తే అది తూటాలా ఎగిరి వస్తుంది. చెయ్యి వదిలితే కీ బల్ల మీద ఉండాలి. ఎప్పుడూ చక్‌లో ఉండకూడదు.

కడ్డీ పట్టడం, టూలు పెట్టడం

చక్‌కి ఎదురుగా కుడి పక్క తోక భాగం ఉంటుంది. కడ్డీ పొడుగైతే దాని రెండో కొనను అది పట్టుకుంటుంది. మొదట్లో ఒక లెక్క గుర్తుంచుకోండి. కడ్డీ లావు ఎంతో, దానికి మూడింతల కన్నా ఎక్కువ బయటికి రాకూడదు. అంగుళం లావు కడ్డీ అయితే మూడంగుళాలు. అంతకు మించితే తోక ఆసరా ఇవ్వాలి. లేకపోతే కడ్డీ ఊగుతుంది, గీతలు పడతాయి.

టూలు కొన కడ్డీ నడిమధ్య ఎత్తులో ఉండాలి. కిందికి ఉంటే కొన చదును చేసేటప్పుడు మధ్యలో చిన్న బొడిపె మిగిలిపోతుంది. పైకి ఉంటే టూలు కొయ్యదు, రుద్దుకుంటుంది. టూలు కింద పలుచని రేకు ముక్కలు పెట్టి ఎత్తు సరిచేస్తారు.

ఎంత జోరుగా తిప్పాలి? కళ్ళంలో నూర్పు గుర్తు తెచ్చుకోండి. నడుమ గుంజకు ఎడ్లను వరసగా కట్టేవారు. గుంజ దగ్గరి ఎద్దు మెల్లగా తిరిగేది. చివరి ఎద్దు పరుగెత్తేది. చుట్టు ఒక్కటే, నడక వేరు. కడ్డీ కూడా అంతే. లావు కడ్డీ అంచు ఎక్కువ దూరం పరుగెడుతుంది. అందుకే లావు పెరిగితే జోరు తగ్గించాలి. మామూలు హైస్పీడు టూలుతో మెత్తని ఉక్కు అంగుళం కడ్డీకి నిమిషానికి సుమారు 400 చుట్లు చాలు. రెండంగుళాల కడ్డీ అయితే 200. ఇత్తడికి దీనికి రెట్టింపు పెట్టొచ్చు. అల్యూమినియంకి ఇంకా ఎక్కువ.

ఏ లోహం కొనాలి?

కొత్తవాళ్ళు ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. పాత ఇనుప కొట్టుకు పోయి చవగ్గా దొరికింది తెచ్చుకుంటారు. తీరా చూస్తే టూలు విరుగుతుంది, పని రాదు.

ఇల్లు కట్టే సువ్వలు తేవద్దు. వాటి పైపొరను చేసేటప్పుడే నీళ్ళతో చల్లార్చి గట్టి చేస్తారు. పైగా గాట్లు ఉంటాయి. బండి స్ప్రింగు, బేరింగు ముక్కలు కూడా వద్దు. అవి మరీ గట్టివి. వంటింటి స్టీలు గ్లాసు మెరుస్తుంది గాని, స్టెయిన్‌లెస్ స్టీలు మొదటి పనికి మొండిది. టూలు కొయ్యకుండా రుద్దితే అది ఇంకా గట్టిపడుతుంది.

ఇత్తడి కడ్డీ నేర్చుకునేవాళ్ళకు చుట్టం లాంటిది. నూనె అక్కర్లేదు. రజను పొట్టిగా, సూదుల్లాగ రాలుతుంది. ఆ సూదులు కంటి దాకా ఎగురుతాయి, అద్దాలు మరవొద్దు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిపినది. మన శ్రీకాకుళం జిల్లా బుడితి ఊరికి పేరు తెచ్చింది ఇత్తడి, కంచు పనే. అయితే లేతు కోసం అమ్మే ఇత్తడి కడ్డీల్లో చాలావాటికి కొంచెం సీసం కలుపుతారు. తేలిగ్గా తెగడానికి అలా చేస్తారు. సీసం విషం. ఆ కడ్డీతో తాగే గ్లాసు, వంట గరిటె చెయ్యొద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకోండి.

అల్యూమినియం కడ్డీ కూడా మంచిదే. బాగా మెత్తని రకం టూలుకు అంటుకుంటుంది. దుకాణంలో మిషను పనికి పనికొచ్చే గట్టి రకం అడగాలి. ఆ తర్వాత మైల్డ్ స్టీలుకు రండి. దీనికి నూనె చుక్కలు వెయ్యాలి.

తెలియని ముక్క దొరికితే ఏం చెయ్యాలి? రెండు చిన్న పరీక్షలున్నాయి. అయస్కాంతం పెట్టండి. ఇత్తడికి, అల్యూమినియంకి అది అంటుకోదు. కొన్ని స్టీళ్ళకు కూడా అంటదు, అంచేత రంగు, బరువు కూడా చూడాలి. తర్వాత ఆకురాయితో అంచు రాయండి. ఆకురాయి కొరికితే లేతు కోస్తుంది. జారిపోతే ఆ ముక్క పక్కన పడెయ్యండి.

ఏటికొప్పాకలో ఏం చేస్తారు?

విశాఖ దాటి తుని వైపు వెళ్తే అనకాపల్లి జిల్లాలో ఏటికొప్పాక వస్తుంది. వరాహ నది ఒడ్డు ఊరు. ఇక్కడ లేతు మీద తిప్పేది ఇనుము కాదు, అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా ఉంటుంది. పోగు సన్నం. బాగా ఆరబెట్టాకే వాడతారు. పచ్చి కర్రతో చేసిన బొమ్మ తర్వాత పగులుతుంది. కర్ణాటకలోని చెన్నపట్నం బొమ్మలకు కూడా ఈ జాతి చెట్టే.

రంగు పూసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే బొమ్మకు ఒత్తి పట్టుకుంటారు. రాపిడికి వేడి పుడుతుంది. లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. మన సముద్రం ఒడ్డున మొగలి పొదలకు కొదవా?

మధ్యలో ఈ ఊరికి రసాయనాల రంగులు వచ్చాయి. చవక, ముదురు రంగు. కాని బొమ్మను బిడ్డ నోట్లో పెట్టుకుంటాడు. కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. అది పిల్లల మెదడును దెబ్బ తీస్తుంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నియమం ఉంది. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు అంతకు చాలా ముందే పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో రంగులు చేసి వాడకంలోకి తెచ్చారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

ఇంట్లో పదో తరగతి పాసైన ఆడపిల్ల ఉంటే ఒక సంగతి. ఐ.టి.ఐ.లో టర్నర్ అనే కోర్సు ఉంది. రెండేళ్ళు. అక్కడ నేర్పేది ఈ లేతు పనే. ఆడపిల్లలు చేరొచ్చు.

లెక్క చెయ్యండి

అంకుడు కర్ర పొడవు 24 అంగుళాలు. అందులో 3 అంగుళాలు చక్ పట్టుకోవడానికి పోతుంది. ఒక్కో బొమ్మకు 3 అంగుళాలు కావాలి. ఒక్కో కోతకు అర అంగుళం పోతుంది. ఎన్ని బొమ్మలు వస్తాయి?

జవాబు రాయండి

1. చక్ కీ ఎక్కడ ఉండాలి?
2. లేతు దగ్గర చేతి తొడుగులు ఎందుకు వేసుకోకూడదు?
3. ఇంట్లో ఉన్న మూడు లోహపు వస్తువులకు అయస్కాంతం పెట్టి చూడండి. దేనికి అంటుకుంది, దేనికి అంటుకోలేదు? పేర్లు రాయండి.