తాకట్టుపడిన యిల్లు – గడువుదినముల పాఠము



మన బెళుగుప్ప ఎఱ్ఱనేలలలో పదును ఎన్నాళ్లు నిలుచునో మీకు నేను చెప్పనక్కరలేదు. వాన వెలిసిన వెంటనే వేరుశనగ విత్తినవాడు మొలక చూచును. రేపు, ఎల్లుండి యని జాగుచేసినవాడు విత్తనమును గూడ పోగొట్టుకొనును. ఇంటిని తాకట్టుపెట్టి బాకీపడినవానికి బ్యాంకునుండి నోటీసు వచ్చినపిమ్మట చట్టమిచ్చు గడువు సైతము అట్టి పదునువంటిదే. ఆ గడువులెన్ని, ఒక్కొక్క గడువులో చేయదగిన పని యేది యను సంగతులను ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాను. నేను విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు చెప్పువాడను గాని న్యాయవాదిని గాను. అయినను ఈ పాఠమును నా మెడమీదికి వచ్చినప్పుడు నేర్చుకొంటిని గనుక మీకు చెప్ప సాహసించుచున్నాను.

జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట నా బావమరిది తన యింటి దస్తావేజులను ఒక బ్యాంకులో నుంచి ఆరు లక్షల రూపాయలు తెచ్చి రెండు బోరుబావులు వేయించెను. జామీనుదారుగా నేను చేవ్రాలు చేసితిని. మొదటి బోరులో నీరు పడలేదు. రెండవది రెండు పంటలకు నీరిచ్చి ఎండిపోయెను. వాయిదాలు నిలిచిపోయెను. ఒకనాడు రిజిష్టరు ఉత్తరము రాగా అతడు లేడని యింటివారిచేత చెప్పించి తిప్పిపంపెను. అట్టి యుత్తరమే జామీనుదారునైన నాకును వచ్చెను. చట్టము దృష్టిలో జామీనుదారుడును ఋణస్థుడే యని నాకు తెలిసినది ఆనాడే.

నేను పరుగున పోయి యడుగగా అతడు, "ఉత్తరము పుచ్చుకొనకుంటే నోటీసు లేనట్టే గదా, బావా!" యనెను. ఈ భ్రమ మన పల్లెలలో చాలమందికి కలదు. తిరస్కరించిన యుత్తరమును అందినట్లే యెంచుదురు. ఋణస్థుడు తప్పించుకొనుచున్నాడని తోచినచో బ్యాంకువారు నోటీసును తలుపునకు అంటించి, రెండు పత్రికలలో ప్రకటింపవచ్చును. దాగినవానికి మిగులునది గడువులో కొన్ని దినముల నష్టము మాత్రమే. మేము మేలుకొనునప్పటికి ఇరువదిమూడు దినములు గడచిపోయెను.

పూర్వపు రక్షణ, నేటి చట్టము

మన పెద్దల నాట షావుకారు బాకీకై కోర్టులో డిక్రీ పొందినను, రైతు తాను కాపురముండు ఇంటిని జప్తు చేయించుట సులభము కాకుండెను. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోని 60వ సెక్షను రైతు నివాసగృహమునకు జప్తునుండి మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపు నేటికిని కలదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున 1938లో వచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము పాతబాకీల వడ్డీభారమును తగ్గించినది. ఈ జ్ఞాపకములచేతనే "రైతు ఇంటిని ఎవరును ముట్టలేరు" అను మాట మన రచ్చబండలమీద ఇంకను వినబడుచున్నది.

ఆ మాటలో సగమే నిజము. రైతు తానుగా ఆ యింటినే తాకట్టు పెట్టినయెడల ఆ తాకట్టు బాకీకి పై మినహాయింపు అడ్డురాదు. అనగా తాకట్టు పత్రముమీద చేవ్రాలు చేసిన దినముననే ఆ కవచము మన చేతులతో మనము విప్పినవారమగుదుము. నేడు బ్యాంకులు నడపునది 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము. దీనిప్రకారము బ్యాంకువారు కోర్టులో దావా వేయకయే ఇంటిని స్వాధీనపరచుకొని అమ్మవచ్చును. సహకార బ్యాంకులకును ఈ చట్టము వర్తించునని 2020లో సుప్రీముకోర్టు నిర్ణయించినది.

గడువులు నాలుగు

మొదటిది అరువది దినములు. వాయిదా తొంబది దినములకు మించి నిలిచినయెడల బ్యాంకువారు ఆ ఋణమును నిరర్థకమని లెక్కింతురు. పంటఋణములకు లెక్క వేరు. పిమ్మట 13(2) సెక్షను క్రింద నోటీసు నిత్తురు. అది మొదలు అరువది దినములలో బాకీ యంతయు చెల్లింపవలెను. ఈ లోపల ఋణస్థుడు తన ఆక్షేపణలను వ్రాతమూలముగ పంపవచ్చును. పంపినచో పదునైదు దినములలో బ్యాంకువారు కారణములతో ప్రత్యుత్తర మియ్యవలెను. ఈ జాబే మన చేతిలోని మొదటి పనిముట్టు. దానిలో ఏడ్పు వలదు, లెక్క యుండవలెను. బాకీ లెక్కను తారీఖులవారీగా అడుగుడు. తప్పులున్న చూపుడు. ఎంత చెల్లింపగలరో, ఏ సొమ్మునుండి, ఏ తారీఖునకో వ్రాయుడు. నకలును, తపాలా రసీదును దాచుడు. నోటీసు వచ్చినపిమ్మట బ్యాంకు అనుమతి లేక ఆ యింటిని అమ్ముటగాని అద్దెకిచ్చుటగాని కూడదని మరువకుడు.

రెండవది స్వాధీనతా ప్రకటన. అరువది దినములు గడచినచో బ్యాంకువారు ఇంటితలుపునకు స్వాధీనతా నోటీసు అంటించి, ఏడు దినములలో రెండు పత్రికలలో, అందొకటి దేశభాషా పత్రికగా, ప్రకటింతురు. మా బావమరిది తల్లి ఆ కాగితమును చూచి, నాటి సాయంకాలమే బయటికి నెట్టుదురని తలచి గిన్నెలు మూటగట్టుకొనెను. ఆ భయ మక్కరలేదు. అది కాగితముమీది స్వాధీనత. ఇల్లు ఖాళీచేయనివారిని బలిమితో తీయవలెనన్న బ్యాంకువారు సాధారణముగా 14వ సెక్షను క్రింద జిల్లా మేజిస్ట్రేటునకు గాని ముఖ్య జ్యుడీషియలు మేజిస్ట్రేటునకు గాని అర్జీ పెట్టుదురు. దానిపై ముప్పది దినములలోను, కారణము వ్రాసినచో మొత్తము అరువది దినములలోను ఉత్తరువు రావలెను. అక్కడ మన బాకీ న్యాయాన్యాయములను విచారింపరు, పత్రములను సరిచూతురు. ఉత్తరువుతో పోలీసుల సాయమున అధికారులు వచ్చునప్పుడు తలుపు గడియ వేసికొని నిలుచుట వలన ఇల్లు నిలువదు.

మూడవది నలుబదియైదు దినములు. స్వాధీనపరచుకొనిన చర్య తప్పని తలచువారు ఆ చర్య జరిగిన నలుబదియైదు దినములలో ఋణవసూలు ట్రిబ్యునలునకు 17వ సెక్షను క్రింద అర్జీ పెట్టవలెను. సివిలుకోర్టునకు ఈ విషయమున అధికారము లేదు. తొలుత ఈ యర్జీకి బాకీలో నూటికి 75 వంతులు డిపాజిటు కట్టవలెనను నిబంధన యుండెను. 2004లో మర్దియా కెమికల్సు వ్యాజ్యమున సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. అర్జీ పెట్టినంతమాత్రమున వేలము ఆగదు. నిలుపుదల ఉత్తరువును ప్రత్యేకముగ కోరవలెను. కొంతసొమ్ము కట్టుమని ట్రిబ్యునలు షరతు పెట్టుటయు సామాన్యమే.

నాలుగవది వేలమునకు ముందటి గడువు. అమ్మకమునకు ముందు ముప్పది దినముల నోటీసు ఋణస్థునకు ఇయ్యవలెను. 2016లో చట్టమును సవరించినప్పటినుండి, వేలము ప్రకటన ప్రచురింపబడుటకు ముందే బాకీని ఖర్చులతోకూడ చెల్లించినవానికే ఇంటిని విడిపించుకొను హక్కు గలదు. 2023లో సుప్రీముకోర్టు దీనిని స్థిరపరచినది. వేలమునాటి ఉదయమున డబ్బుసంచితో పోయి విడిపించుకొందునను పాత తలంపు ఇక చెల్లదు. ఒకవేళ ఇల్లు అమ్ముడైనచో, బాకీయు ఖర్చులును పోగా మిగిలిన సొమ్ము హక్కుదారునిదే. దానిని వ్రాతమూలముగ అడిగి పుచ్చుకొనవలెను.

నిలుచు వాదములు, నిలువని వాదములు

ట్రిబ్యునలులో నిలుచు వాదములు కొన్ని గలవు. తాకట్టుపడినది సాగుభూమి యైనచో ఈ చట్టము వర్తింపదు. అయితే కాగితములో మెట్టయని యున్నంతనే చాలదు. నిజముగ సాగులో నున్నదని ఋణస్థుడే రుజువు చేయవలెను. బాకీ లక్షరూపాయలకు మించనిదైనను, అసలును వడ్డీయు కలిపినదానిలో నూటికి ఇరువదివంతులకంటె తక్కువ మిగిలియున్నను ఈ చట్టము వర్తింపదు. ఆక్షేపణకు ప్రత్యుత్తర మియ్యకుండుట, అమ్మకమునకు ముప్పది దినముల నోటీసు లేకుండుట మొదలగునవియు బలమైన వాదములే.

వానలు కురియలేదు, బోరు ఎండినది, ముసలితల్లి యున్నది, ప్రభుత్వము మాఫీ చేయునని వింటిమి – ఇవి నిజములే కావచ్చును గాని ట్రిబ్యునలులో వాదములు కావు. వీనికి తగిన స్థలము బ్యాంకువారికి వ్రాయు జాబు, రాజీ ప్రతిపాదన. ఏకకాల పరిష్కారమును హక్కుగా అడుగుటకు వీలులేదని 2021లో సుప్రీముకోర్టు చెప్పినది. కావున అడుగువాడు మాటతోకాక కొంత సొమ్ముతో పోవలెను. ఒప్పుదలను వ్రాతమూలముగ పొందవలెను.

మరియొక సంగతి మన సీమవారు ముఖ్యముగ తెలియవలెను. 1987 నాటి న్యాయసేవాధికారసంస్థల చట్టము ఉచిత న్యాయసహాయమునకు అర్హులైనవారిలో స్త్రీలను, షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని చేర్చినట్లే కరవుబాధితులనుగూడ చేర్చినది. అనంతపురము జిల్లా రైతునకు ఈ మాట ఎంత దగ్గరిదో చెప్పవలెనా?

మేము చేసినది

నా బావమరిదికి పట్టణమున ఒకడు తారసిల్లి, ఇరువదివేలు ఇచ్చినచో మూడేండ్లు స్టే తెప్పింతునని చెప్పెను. అతడు ఆశపడెను. మేము కూర్చుండి లెక్క వేసితిమి. ఆరు లక్షలకు నూటికి సాలుకు 12 రూపాయల వడ్డీ యనుకొన్నను, నెలకు 6,000. మూడేండ్లకు 2,16,000 రూపాయలు. స్టే వచ్చినను బాకీ పెరుగును. ఇంటివిలువలో మనకు మిగులు భాగము తరుగును. ఆ యిరువదివేలు అతనికి ఇయ్యలేదు.

న్యాయసహాయమునకు అర్జీ పెట్టగా దొరకిన వకీలు కాగితములన్నియు చదివి, "నోటీసులు సక్రమముగ నున్నవి, ట్రిబ్యునలులో మీకు బలములేదు; వేలము ప్రకటనలోపల సొమ్ము చూచుకొనుడు" అని నిష్కపటముగ చెప్పెను. మా ఆక్షేపణ జాబు వలన ఒక మేలు జరిగియుండెను: బీమాసొమ్మును రెండుమారులు లెక్కలో వ్రాసిరని బ్యాంకువారు ఒప్పుకొని దిద్దిరి. గడువు మాత్రము పొడిగింపలేదు. తాకట్టులో లేని దారిప్రక్క ఎకరన్నర చేనును బావమరిది అమ్మెను. అది వాని తండ్రి రాళ్లు ఏరి చదును చేసిన చేను. ఆ సొమ్ముతో రాజీ కుదుర్చుకొని, వేలము ప్రకటన వెలువడకమునుపే బాకీ తీర్చితిమి. ఇల్లు నిలిచినది, చేను పోయినది. దీనిని గెలుపని నేను చెప్పను. మొదటి ఇరువదిమూడు దినములు పోగొట్టుకొనకుండిన మంచిధరకు కొనువానిని వెదకుటకు తెఱపి దొరికియుండునని మాత్రము నేటికిని అనుకొందుము.

బాకీ తీర్చినవారు దస్తావేజులను మరచి రావలదు. ముప్పది దినములలో మూలపత్రములను తిరిగి యియ్యవలెననియు, తమవలన జాగైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహార మియ్యవలెననియు 2023లో రిజర్వుబ్యాంకు ఉత్తరువు చేసినది.

అభ్యాసము

సంఘపు సమావేశమున చదివి యీ ప్రశ్నలకు ఉత్తరములు చెప్పుకొనుడు.

1. మన గ్రామమున ఇల్లు తాకట్టుపెట్టినవారు తమ నోటీసులను చదివించుకొనుటకు ఎవరిని నమ్మి రాగలరు?

2. 13(2) నోటీసు అందిన దినమునుండి ఏయే పని ఏ దినమునకు ముగియవలెనో యొక కాగితముమీద వ్రాసి చూపుడు.

3. బోరుకై అప్పు చేయునపుడు ఇంటినే తాకట్టు పెట్టవలెనా? నీరు పడనియెడల ఏ సొమ్మునుండి తీర్తుము?

మూడవ ప్రశ్నను అప్పునకు ముందే వేసికొనినవానికి మొదటి రెండింటితో పనిలేదు. ఇప్పటికే చేవ్రాలు చేసినవారు మాత్రము తపాలావాడు వచ్చినప్పుడు తలుపు తీసి, ఉత్తరమును పుచ్చుకొని, అందిన తారీఖును దానిమీద వ్రాసి, ఆ సాయంకాలమే నలుగురిలో చదివించుకొనవలెనని నా ప్రార్థన.