పళ్ళకు క్లిప్పులు - లాభమెంత? నష్టమెంత?

మన హాస్టలు మెస్సులో ఏ బల్ల దగ్గర చూసినా పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవారు ఒకరైనా కనిపిస్తారు. ఎందుకీ అవస్థ అని అడిగితే రెండు జవాబులొస్తాయి. ఒకటి అందం. ఎత్తుపళ్ళని రేపు పెళ్ళిచూపుల్లో వంక పెడతారేమోనని ఇంట్లోవాళ్ళ ఆరాటం. రెండోది, పళ్ళు వరసగా ఉంటే పుచ్చవు, కలకాలం నిలుస్తాయి అని. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోదాన్నే కాస్త పరిశీలించాలి.

ఎముకలో పాతుకున్న పన్ను అసలెలా కదులుతుంది? పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఒకటుంది. తీగ పన్నును ఒక పక్కకు నెట్టినప్పుడు, ఒత్తిడి పడినవైపు ఎముకను కొన్ని కణాలు కరిగిస్తాయి. లాగుడు పడినవైపు కొత్త ఎముక పుడుతుంది. స్వీడన్‌లో సాండ్‌స్టెడ్ అనే ఆయన 1904-05 నాటికే కుక్కలమీద ప్రయోగాలు చేసి ఈ సంగతి చూపించాడు. చిక్కేమిటంటే, ఎముకతోపాటు వేరు కొన కూడా కొంత అరుగుతుంది. చాలావరకు అది ఎక్స్‌రేలో తప్ప తెలియదు. నూటికి ఒకటి నుంచి అయిదు పళ్ళకు మాత్రం వేరు బాగా పొట్టిదైపోతుంది. పోయిన వేరు మళ్ళీ పెరగదు.

ఇంతకంటే ఎక్కువమందికి వచ్చేది తెల్లమచ్చ. క్లిప్పు చుట్టూ అన్నం, పాచి ఇరుక్కుంటాయి. అక్కడి సూక్ష్మజీవులు పుట్టించే ఆమ్లానికి పింగాణి పొరలోని ఖనిజం కరిగిపోతుంది. ఇది పిప్పికి మొదటి మెట్టు. 1982లో అమెరికాలో గోరెలిక్, ఆయన సహచరులు లెక్కతీస్తే, క్లిప్పులు వేయించుకున్నవారిలో సుమారు సగంమందికి కనీసం ఒక పంటిమీద మచ్చ ఉంది. వేయించుకోనివారిలో నాలుగోవంతు మందికే. ఫ్లోరైడు పేస్టుతో పూటపూటా శ్రద్ధగా తోముకుంటే దీన్ని చాలావరకు ఆపవచ్చు. కాని పరీక్షల రోజుల్లో మనం ఎంత శ్రద్ధగా తోముకుంటామో చెప్పనక్కరలేదు!

సరే, క్లిప్పులు తీసేశాక పళ్ళు పుచ్చకుండా ఉంటాయా? దక్షిణ ఆస్ట్రేలియాలో 1988-89లో పదమూడేళ్ళున్న పిల్లలను పరీక్షించి, వారికి ముప్ఫయ్యేళ్ళు వచ్చాక 2005-06లో మళ్ళీ చూశారు. మొత్తం 448 మంది; వారిలో మూడోవంతుకు పైగా ఈ చికిత్స పొందినవారే. 2019లో ఫలితం ప్రకటించారు: పుచ్చు విషయంలో రెండు వర్గాలకూ తేడా లేదు. చిగుళ్ళ సంగతీ అంతే. అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2008లో ఒకచోట చేర్చి చూస్తే మేలు కనబడలేదు సరిగదా, మిల్లీమీటరులో ఏ పదోవంతో ఎముక తగ్గినట్టు తేలింది.

అలాగని క్లిప్పులు దండగ అనడం తొందరపాటే. పై పళ్ళు బాగా ముందుకు పొడుచుకువచ్చిన పిల్లలు కింద పడితే ఆ పళ్ళే ముందు విరుగుతాయి. ముందుగా సరిచేస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. దవడలోనే ఇరుక్కుపోయిన కోరపన్ను పక్కపళ్ళ వేళ్ళను తినేయగలదు. అటువంటివారికి ఇది అలంకారం కాదు, వైద్యమే.

మరొక సంగతి ముందుగా ఎవరూ గట్టిగా చెప్పరు. సరిచేసిన పళ్ళు పాతచోటికి పోవాలని చూస్తాయి. అమెరికాలో సియాటిల్‌లో లిటిల్ బృందం రిటైనరు మానేసిన పదేళ్ళ తర్వాత చూస్తే, కింది ముందుపళ్ళు చక్కగా నిలిచినవారు మూడోవంతు కూడా లేరు. మా గది మిత్రుడి రిటైనరు ఆరునెలలుగా ట్రంకుపెట్టెలో చొక్కాల కింద పడివుంది. వాడి కింది పన్ను ఒకటి అప్పుడే పక్కకు తిరుగుతోంది.