వానాకాలపు బావిని నమ్మకు

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బైపాస్ పడ్డాక మూతబడ్డ పెట్రోల్ బంకు, పంపులు పీకేసిన దిమ్మెల చుట్టూ తుమ్మ మొక్కలు, వెనకాల పాడుబడ్డ బావి. అక్కడ అపార్టుమెంట్లు కడతారట, మట్టిలో, నీళ్లలో పెట్రోలు చేరిందేమో చూసి రెండు వారాల్లో రిపోర్టు ఇవ్వాలన్నారట. ఉద్యోగంలో చేరాక నీ చేతికొచ్చిన మొదటి స్థలం. ముప్ఫై ఏళ్లు ఈ పనే చేశాను కనుక నాలుగు మాటలు రాస్తున్నాను. ముందు నా తప్పు చెబుతాను.

నీ వయసులో ఇలాంటి బంకే నాకూ అప్పగించారు. అది సెప్టెంబరు. వానలు బాగా పడి నీళ్లు పైకొచ్చాయి. మూడు బోర్లు వేయించాను. ఎక్కడా నీటి మీద పెట్రోలు తేలలేదు. అదే రాసిచ్చి వచ్చేశాను. మరుసటి ఏప్రిల్‌లో పక్కింటివాళ్ల బావిలో నీళ్లు అడుగంటాయి. చేదకు రంగురంగుల జిడ్డు అంటుకుని వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ చేద తెచ్చి నా ముందు పెట్టింది. ఒక్క మాట అనలేదు.

ఏం జరిగిందంటే, వానలకు నీటిమట్టం లేచినప్పుడు పెట్రోలు కొంత మట్టి సందుల్లో నీటికింద ఇరుక్కుపోతుంది. ఎండలకు మట్టం దిగాక అది వదులై బావిలోకి జారుతుంది. నేను అబద్ధం రాయలేదమ్మా, ఒక్క కాలాన్ని చూసి ఏడాదంతటికీ రాశాను. నీకు రెండు వారాలే ఇచ్చారు కాబట్టి ‘ఈ నెలలో, నీళ్లు ఇన్ని అడుగుల లోతున ఉన్నప్పుడు కనబడింది ఇది’ అని రాయి. అంతకు మించి మాట ఇవ్వకు.

బోరు బండిని పిలిచేముందు ఆ బంకులో పనిచేసిన పాతవాళ్లను వెతుకు. ట్యాంకులు ఎక్కడ పూడ్చారు, ఎప్పుడు మార్చారు, లారీ ఎక్కడ నిలబెట్టి దించేవారు అని అడుగు. స్టాకు రిజిస్టర్లు దొరికితే ట్యాంకులో పెట్రోలు ఎత్తు చూసే డిప్ రాడ్ కొలతకూ అమ్మకానికీ తేడా చూడు. కొంత ఆవిరవుతుంది, అది మామూలే. ఏదో ఒక నెల నుంచి తేడా పెరిగి ఇక తగ్గకపోతే అక్కడ ఆగి ఆలోచించు. రాడ్ కొనకు పూసే పేస్టు వానల తర్వాత ట్యాంకులో నీళ్లు చూపించిందా అని కూడా అడుగు. నీళ్లను లోపలికి రానిచ్చిన చిల్లు పెట్రోలును బయటికీ పోనిస్తుంది. బంకు ఏ ఏడు మొదలైందో, ఏ ఏడు మూతబడిందో తప్పక కనుక్కో. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరి 1 నుంచి. అంతకుముందు నడిచిన బంకైతే మట్టిలో సీసం పరీక్ష కూడా చేయించాలి.

బోర్లు బండి తేలిగ్గా వెళ్లే చోట కాకుండా ట్యాంకులు, పైపుల అతుకులు, పంపు దిమ్మెలు, లారీ దించిన చోటు చూసుకుని వేయించు. నీళ్లు ఏవైపు నడుస్తున్నాయో తెలియాలంటే కనీసం మూడు బోర్లు కావాలి, అవి ఒకే వరసలో ఉండకూడదు. పుస్తకంలో కాలుష్యం ఇసుకలో కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది. మన తెలంగాణలో చాలాచోట్ల మట్టి, మొరం దాటితే గ్రానైటే. అక్కడ నీళ్లు పగుళ్ల వెంట పోతాయి. ముప్ఫై అడుగుల దూరంలో బావి బాగుండి, రెండు వందల అడుగుల దూరంలో బోరు చెడొచ్చు. పక్కవాళ్ల మోటారు రోజంతా తోడుతుంటే నీళ్లు అటే లాగుతాయి. ఒక హెచ్చరిక: చెడిన మొరాన్ని దాటి రాతిలోకి దిగేటప్పుడు కేసింగ్ దింపి చుట్టూ సీలు చేయించు. లేదంటే పైనున్న విషానికి కిందికి దారి తవ్వింది నువ్వే అవుతావు.

వాసన చూసి తేల్చకు. వాసన రాని నీళ్లలోనూ పెట్రోలులోని బెంజీన్ అనే విషం పరిమితి దాటి ఉండొచ్చు. ఇప్పటి పెట్రోలులో బెంజీన్ గరిష్ఠంగా 1 శాతం. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. లెక్క వేసి చూడు: ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ సుమారు 8.7 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 170కి పైనే!

అందుకే నమూనా దగ్గర చాదస్తం తప్పు కాదు. గాజు సీసాను గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, వెంటనే ఐసు పెట్టెలో పెట్టు. శుభ్రమైన నీళ్ల సీసా ఒకటి లేబులు వేసి వాటితోపాటే తిప్పు. దారిలో ఏదైనా అంటితే అది చెబుతుంది. జనరేటరు పొగ నీవైపు రాకుండా చూసుకో. ఆ పొద్దున బండిలో పెట్రోలు పోయించుకున్న చేతులతో సీసా ముట్టుకోకు. పాత ట్యాంకులోకి గానీ ఆ బావిలోకి గానీ ఎవర్నీ దిగనివ్వకు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే పేరుకుంటుంది. బీడీలు కాల్చేవాళ్లను దూరంగా పంపించు.

ల్యాబ్ కాగితంలో ‘కనబడలేదు’ అని వస్తే ‘లేదు’ అని మార్చకు. వాళ్ల యంత్రం ఎంతవరకు పట్టగలదో ఆ అంకె పక్కనే రాసిపెట్టు. మ్యాపులో నువ్వు బోరు వేసిన చోట్లతోపాటు వేయలేకపోయిన చోట్లూ గుర్తుపెట్టు. చుట్టుపక్కల ఆ నీళ్లు తాగే ఇళ్లు ఎన్నో కూడా లెక్కపెట్టు. రిపోర్టు బిల్డరు చదువుతాడు, నీళ్లు తాగేది వాళ్లు.

ఏప్రిల్‌లో ఇంకోసారి వెళ్లి ఆ బావిలో చేద వేసి చూడు. ఆఫీసువాళ్లు పంపకపోతే ఖర్చు నేనిస్తాను. బస్సులో వెళ్లు, బండి మీద వద్దు. దారిలో పెట్రోలు పోయించుకోవాల్సి వస్తుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య